వేళ్లు దాచుకోకు కన్నా!

ఎనిమిదీ అయిదూ కలిపితే పదమూడు. పెద్దవాళ్లకి అదసలు లెక్కే కాదు. ఆరేడేళ్ల పిల్లలకు మాత్రం అదో పెద్ద ప్రయాణం. ఆ దారిలో వాళ్లను పరుగెత్తించాలా, వేలు పట్టుకుని నడిపించాలా? హోంవర్క్ వేళ ప్రతి ఇంట్లోనూ తలెత్తే ప్రశ్నే ఇది!

సాయంత్రం ఏడున్నర. బాచుపల్లిలో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా ఇంచుమించు ఇదే దృశ్యం. డైనింగ్ టేబుల్ మీద లెక్కల వర్క్‌బుక్. నాన్న ఇంకా మియాపూర్ ట్రాఫిక్‌లోనే ఉన్నాడు. అమ్మ చేతిలో ఫోను. అందులో స్టాప్‌వాచ్.

‘‘చెప్పు కన్నా... ఎనిమిది ప్లస్ అయిదు?’’

బుడతడి చేతులు రెండూ మెల్లగా టేబుల్ కిందకు జారిపోతాయి.

‘‘మళ్లీ వేళ్లా? రెండో తరగతికొచ్చావ్. పక్క ఫ్లాట్ పాప చూడు... టకటకా చెప్పేస్తుంది!’’

‘‘ప... పన్నెండు?’’

‘‘కాదు!’’

పుస్తకం మూతపడుతుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. సోఫాలోంచి నానమ్మ అందుకుంటుంది. ‘‘వాణ్నలా కంగారుపెట్టకమ్మా. మేమంతా వేళ్ల మీద లెక్కపెట్టుకున్నవాళ్లమే కదా!’’

ఇంతకీ ఎవరు చెప్పింది రైటు? వేగంగా చెప్పాలంటున్న అమ్మా, వేళ్లు వాడుకోనివ్వమంటున్న నానమ్మా? పిల్లలు కూడికలు ఎలా నేర్చుకుంటారన్నదాని మీద శాస్త్రవేత్తలు యాభై ఏళ్లుగా పరిశోధనలు చేస్తున్నారు. అవన్నీ చూస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది. చిక్కల్లా ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే!

కిటికీలోంచి కనిపించే కాలేజీ

బాచుపల్లిలో ఈ కంగారు కాస్త ఎక్కువగానే కనిపిస్తుందంటే ఆశ్చర్యం లేదు. ఒకప్పుడిది నగరానికి దూరంగా ఉన్న పల్లె. 1995లో వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి, 1997లో గోకరాజు రంగరాజు, 2012లో బీవీఆర్ఐటీ మహిళా కళాశాల... ఒకదాని తర్వాత ఒకటి ఇంజినీరింగ్ కాలేజీలు వెలిశాయి. మందుల కంపెనీల ఫ్యాక్టరీలు వచ్చాయి. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్లు ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కున్నారు. 2016లో మండల కేంద్రమైంది. 2017లో మియాపూర్ దాకా మెట్రో రైలొచ్చింది.

ఎల్‌కేజీ పిల్లాడు కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇంజినీరింగ్ కాలేజీ కనిపించే ఊరిది. అమ్మానాన్నల్లో చాలామంది లెక్కలతోనే జీవితంలో పైకొచ్చినవాళ్లు. మరి తమ బిడ్డ ఎనిమిదీ అయిదుకు ఆలోచిస్తుంటే గుండె దడదడలాడదూ! ఆ భయంలోంచి పుట్టేదే ఓ మాట: ‘మావాడు లెక్కల్లో వీకండీ’. ఏడేళ్ల పిల్లాడి నుదుట రాసే ఆ రాత ఆ తర్వాత ఓ పట్టాన చెరగదు. అసలు ప్రమాదం అక్కడుంది.

నాలుగు మెట్లు

కూడిక పిల్లల బుర్రలోకి ఒక్కసారిగా వచ్చి కూర్చోదు. నాలుగు మెట్లెక్కి వస్తుంది.

మొదటి మెట్టు - అన్నీ లెక్కపెట్టడం. ఎనిమిది వేళ్లు చూపించి, మరో అయిదు గుర్తుపెట్టుకుని, ఒకటి నుంచి పదమూడు దాకా మొత్తం లెక్కపెడతారు.

రెండో మెట్టు - పెద్ద అంకెను మనసులో ఉంచుకుని అక్కణ్నుంచి లెక్కపెట్టడం. ‘ఎనిమిది... తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు’. 

మూడో మెట్టు - తెలిసిన కూడికలోంచి తెలియనిదాన్ని రాబట్టుకోవడం. ‘ఎనిమిదికి రెండిస్తే పది. అయిదులో ఇంకా మూడున్నాయి. కాబట్టి పదమూడు’.

నాలుగో మెట్టు - ఆలోచించకుండానే జవాబు నాలుక మీదకు రావడం.

గ్రోయెన్, రెస్నిక్ అనే పరిశోధకులు 1977లో ఓ చిన్న ప్రయోగం చేశారు. బడికి ఇంకా వెళ్లని కొందరు చిన్నారులకు మొదటి మెట్టు మాత్రమే నేర్పించారు. అన్నీ లెక్కపెట్టి కలపమన్నారు. కొన్ని వారాల సాధన తర్వాత చూస్తే వాళ్లలో సగంమంది పెద్ద అంకె నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అది వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఎక్కువసార్లు చేసీచేసీ దగ్గరి దారిని వాళ్లే కనిపెట్టుకున్నారు!

అంటే... వేళ్లు లెక్కలకు అడ్డుకాదు, తొలిమెట్టు. ఆ మెట్టును లాగేస్తే పిల్లాడు ఎగిరి పై మెట్టు మీద పడడు. ఊహించి ఏదో ఒకటి చెప్పడం నేర్చుకుంటాడు. మన బుడతడు ‘పన్నెండు’ అన్నది అందుకే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వినోద్ మేనన్ బృందం 2014లో వెల్లడించిన మరో పరిశోధన ఇంకా ఆసక్తికరం. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కూడికలు చేస్తుండగా వాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. దాదాపు ఏడాది తర్వాత మళ్లీ చేశారు. ఈలోగా పిల్లలు లెక్కపెట్టడం తగ్గించి, గుర్తుతెచ్చుకోవడం పెంచారు. దానికి తగ్గట్టే జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్ అనే భాగం చురుగ్గా పనిచేయడం మొదలుపెట్టింది. అది ఒక్క రాత్రిలో జరిగే మార్పు కాదు. నెలల తరబడి సాగే పని!

మరి వేగం అక్కర్లేదా?

కావాలి. తప్పకుండా కావాలి. ఇక్కడే అమ్మ మాటా వినాలి.

48కి 37 కలపాలనుకోండి. ముందు ఎనిమిదీ ఏడూ కలపాలి. పదిహేనులో అయిదు వేసి, ఒకటి పక్కన పెట్టుకోవాలి. ఆ ఒకటిని గుర్తుంచుకుంటూనే నాలుగూ మూడూ కలపాలి. ఎనిమిదీ ఏడూ దగ్గరే వేళ్లన్నీ అయిపోతే పక్కన పెట్టుకున్న ఒకటి కాస్తా ఎగిరిపోతుంది. పిల్లాడికి పద్ధతి తెలుసు, జవాబు మాత్రం తప్పు! పై తరగతుల్లో గుణకారం, భాగహారం వచ్చేసరికి ఈ బరువు ఇంకా పెరుగుతుంది. చిన్న కూడికలు నాలుక మీద ఉన్న పిల్లల బుర్ర కొత్త విషయం మీద నిలబడుతుంది. లేనివాళ్ల బుర్ర పాత లెక్కల దగ్గరే అలసిపోతుంది.

దేశంలో పరిస్థితి ఎలా ఉందో ‘అసర్’ సర్వే చెబుతోంది. 2024 నివేదిక ప్రకారం, గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత వచ్చినవాళ్లు 33.7 శాతమే. 2022లో అయితే 25.9 శాతం. మెరుగుపడినా ముగ్గురిలో ఇద్దరు ఇంకా వెనకే ఉన్నారు. అందుకే కేంద్రం 2021లో ‘నిపుణ్ భారత్’ మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో సర్కారు బడుల్లోని ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లల కోసం ‘తొలిమెట్టు’ తెచ్చింది. రెండింటి ఉద్దేశమూ ఒకటే... చదవడం, రాయడం, చిన్న లెక్కలు చేయడం అన్న పునాది చిన్న తరగతుల్లోనే గట్టిపడాలని.

ఎప్పటికి రావాలి ఈ వేగం? అమెరికాలో 2010లో రూపొందించిన ‘కామన్ కోర్’ ప్రమాణాలు ఒంటి అంకెల కూడికలన్నీ రెండో తరగతి పూర్తయ్యేసరికి నోటికి రావాలంటాయి. అంటే ఏడెనిమిదేళ్ల వయసుకి. ఒకటో తరగతి మొదట్లోనే కంగారుపడాల్సిన పనిలేదు. అలాగని ‘అదే వస్తుందిలే’ అని నాలుగో తరగతి దాకా వదిలేయడానికీ లేదు.

స్టాప్‌వాచ్ పెడితే...

షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఓ విషయం బయటపెట్టారు. లెక్కలంటే భయం ఒకటి, రెండు తరగతుల నుంచే పిల్లల్లో కనిపిస్తోందట. ఆ భయం ఎవరిని ఎక్కువగా దెబ్బతీస్తోందో తెలుసా? ఒకేసారి ఎక్కువ విషయాలను మనసులో నిలుపుకోగల చురుకైన పిల్లల్ని! ఆ శక్తి మీద ఆధారపడే కదా వాళ్లు లెక్కలు చేసేది. భయం సరిగ్గా దాన్నే తినేస్తుంది. గడియారం చప్పుడు వింటూ కూర్చున్న పిల్లాడికి తెలిసిన జవాబు కూడా తట్టకపోవడం అందుకే.

అదే బృందం 2015లో మరో సంగతి చెప్పింది. లెక్కలంటే తమకే భయమున్న తల్లిదండ్రులు తరచూ హోంవర్క్ చేయిస్తే ఏమవుతుంది? ఏడాది తిరిగేసరికి వాళ్ల పిల్లలు లెక్కలు తక్కువ నేర్చుకున్నారు. భయం మాత్రం ఎక్కువ నేర్చుకున్నారు. కాబట్టి ‘నాకూ లెక్కలంటే పడేది కాదు’ అన్న మాట పిల్లల ముందు అనకపోవడమే మేలు.

వేగం సాధనతో దానంతటదే రావాలి. గడియారంతో రప్పించేది కాదు.

తెలుగులోనే ఉంది కిటుకు

మన బుడతడి చదువంతా ఇంగ్లిష్ మీడియం. ‘ఎలెవెన్, ట్వెల్వ్, థర్టీన్...’ ఆ మాటల్లో పది ఎక్కడుందో ఆరేళ్లవాడికి కనిపించదు. ‘థర్టీన్’కూ ‘థర్టీ’కీ తేడా చెవికి అందదు. ‘ఫోర్టీన్’లో నాలుగు ముందు వినిపిస్తుంది. రాసేటప్పుడేమో ఒకటి ముందు రాయాలి. వాడు 41 అని రాస్తే తప్పెవరిది?

ఇప్పుడు నానమ్మ చేత లెక్కపెట్టించండి. పదకొండు... పది, ఒకటి. పదమూడు... పది, మూడు. పద్నాలుగు... పది, నాలుగు. పదిహేను, పదహారు, పదిహేడు... ప్రతి మాటలోనూ పది ముందే ఉంది, పక్కనే మిగతా అంకె ఉంది! ఇరవై దాటితే మరీ తేలిక. ఇరవై ఒకటి, ఇరవై రెండు... ఉన్నదున్నట్టే.

చైనా, జపాన్ భాషల్లోనూ అంకెలు ఇలాగే ‘పది-ఒకటి, పది-రెండు’ అని సాగుతాయి. అక్కడి పిల్లలకు స్థానవిలువలు తేలిగ్గా అర్థం కావడానికి అదీ ఓ కారణమని పరిశోధకులు ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఆ దేశాల్లో ఒకటో తరగతిలో నేర్పే ముఖ్యమైన కిటుకు ‘ముందు పది చెయ్యి’ అన్నదే. ఎనిమిదికి అయిదు కలపాలంటే, అయిదులోంచి రెండు తీసి ఎనిమిదికివ్వాలి. పది నిండింది. మూడు మిగిలింది. పది, మూడు... పదమూడు! జవాబు మన మాటలోనే ఉంది. 

ఇంట్లో తెలుగులో లెక్కపెట్టడం అలవాటు చేస్తే ఇంగ్లిష్ చదువుకు వచ్చే నష్టమేమీ లేదు. పైగా అంకె లోపల ఏముందో కనిపిస్తుంది.

ఒక కాగితం మీద పై వరసలో అయిదు, కింది వరసలో అయిదు గళ్లు గీయండి. గుప్పెడు చింతపిక్కలో శనగలో తీసుకోండి. ఎనిమిది గళ్లలో ఎనిమిది పెట్టించి, బయట అయిదు ఉంచండి. ‘పెట్టె నిండాలంటే ఎన్ని కావాలి?’ అని అడగండి. నాలుగు రోజులాడితే చాలు. ఆ తర్వాత గింజలు లేకుండానే పెట్టె కళ్లముందు కనిపిస్తుంది.

81 కాదు... నాలుగే!

ఒకటి నుంచి తొమ్మిది వరకు ఉన్న అంకెలను రెండేసి చొప్పున కలిపితే వచ్చేవి 81 కూడికలు. అమ్మో అనిపిస్తుంది కదూ. కానీ మూడూ ఎనిమిదీ అన్నా, ఎనిమిదీ మూడూ అన్నా ఒకటే. అలా చూస్తే 45 మాత్రమే. వాటినీ ఇలా తగ్గించుకుంటూ పోవచ్చు.

* ఒకటి కలపడమంటే పక్క అంకె చెప్పడమే. 9 కూడికలు అయిపోయినట్టే. మిగిలినవి 36.

* రెండు కలపడమంటే ఓ అంకె దాటి చెప్పడం. ఇవి 8. మిగిలినవి 28.

* జంటలు - రెండు ఆటోలకు ఆరు చక్రాలు, రెండు కార్లకు ఎనిమిది, రెండు చేతులకు పది వేళ్లు, రెండు వారాలకు పద్నాలుగు రోజులు... ఇలా మూడు నుంచి తొమ్మిది దాకా 7. మిగిలినవి 21.

* పదికి జతలు - మూడూ ఏడూ, నాలుగూ ఆరూ. మిగిలినవి 19.

* తొమ్మిదితో కూడికలు - ఒకటి తెచ్చి పది చేయడమే. ఇవి 6. మిగిలినవి 13.

* ఎనిమిదితో కూడికలు - రెండు తెచ్చి పది చేయాలి. ఇవి 5. మిగిలినవి 8.

* జంటల పక్కింటివాళ్లు - ఆరూ ఆరూ పన్నెండైతే, ఆరూ ఏడూ దానికి ఒకటెక్కువ. ఇలాంటివి 4.

ఇక మిగిలినవి నాలుగంటే నాలుగు! 3+5, 3+6, 4+7, 5+7. వీటిని ఫ్రిజ్ తలుపు మీద అంటించుకున్నా చాలు.

ఒక్కో వరసకు వారమో పది రోజులో ఇవ్వండి. ముందుది గట్టిపడ్డాకే తర్వాతది. అప్పుడప్పుడూ పాతవాటిని మధ్యలో కలుపుతుండాలి. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టేకన్నా రోజూ పది నిమిషాలు మేలు. తప్పు చెబితే ‘కాదు’ అని కసరకుండా ‘ఎలా చేశావ్?’ అని అడగండి. సగం సార్లు చెబుతూ చెబుతూ వాళ్లే దిద్దుకుంటారు.

అటక మీద అష్టాచమ్మా

నానమ్మ చిన్నప్పటి ఆటలున్నాయి చూశారూ... అవన్నీ లెక్కల పాఠాలే. అష్టాచమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. ఎక్కడున్నాం, ఎన్ని పడితే ఎక్కడికెళతామన్నది ఆటలోనే లెక్క.

వైకుంఠపాళి సంగతి మరీ విశేషం. సీగ్లర్, రమణి అనే పరిశోధకులు 2008లో పేద కుటుంబాల చిన్నారులతో వరుసగా అంకెలున్న ఓ బోర్డు ఆట ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, పావుగంట చొప్పున. అంతే! వాళ్లకు అంకెల మీద అవగాహన బాగా పెరిగింది. కానీ ఓ మెలికుంది. పావు కదిపేటప్పుడు ‘ఒకటి, రెండు, మూడు’ అనకూడదు. 27లో ఉండి మూడు పడితే ‘ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై’ అంటూ గడిలోని అంకెను పలకాలి. ఇది మనం చెప్పుకున్న రెండో మెట్టే కదా!

యూనో కార్డులు లేని ఇల్లు ఇప్పుడు అరుదు. అందులోంచి అంకెల ముక్కలు వేరుచేసి చెరో రెండు తిప్పండి. కలిపితే ఎవరిది ఎక్కువైతే వాళ్లకి నాలుగు ముక్కలూ. ఇంకోసారి పరిచిన ముక్కల్లోంచి పది వచ్చే జతలు ఏరమనండి. నాన్నను అప్పుడప్పుడూ ఓడిపోనివ్వండి!

అబాకస్‌కు పంపాలా?

కాలనీకో సెంటరుంది కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. గుజరాత్‌లోని వడోదరలో 204 మంది పిల్లలతో మూడేళ్లపాటు ఓ పరిశోధన జరిగింది. 2016లో ఫలితాలు వచ్చాయి. మనసులో అబాకస్ పూసలు ఊహించుకుని లెక్కలు చేయడం నేర్చుకున్న పిల్లలు మిగతావాళ్లకన్నా లెక్కల్లో ముందున్నారు. అయితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లాంటి సామర్థ్యాలు మాత్రం పెరిగిన దాఖలా లేదు. ఇష్టంగా వెళితే పంపండి. ‘బ్రెయిన్ పవర్’ కోసమని బలవంతం చేయడంలో అర్థంలేదు.

హైదరాబాద్ కుర్రాడు నీలకంఠ భానుప్రకాశ్ 2020లో మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ మనోగణన పోటీలో స్వర్ణం తెచ్చాడు. చూసి మురిసిపోదాం. కానీ ప్రతి పిల్లాడూ పోటీకి పరుగెత్తక్కర్లేదు. లెక్క చూసి పారిపోకుండా ఉంటే చాలు.

బజారు లెక్కా, బడి లెక్కా

బాచుపల్లిలో ఆకాశాన్నంటే భవనాలు కడుతున్న కూలీల పిల్లలూ ఉన్నారు. రోడ్డు పక్క కూరగాయల బండి దగ్గర అమ్మకు సాయం చేసే పిల్లలూ ఉన్నారు. వాళ్లకు లెక్కలు రావనుకుంటే పొరపాటే! 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, దిల్లీ మార్కెట్లలో చేసిన పరిశోధన 2025 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బజారులో సరుకులమ్మే పిల్లలు ధరలు కలిపి, చిల్లర లెక్కకట్టి నోటితోనే చెప్పేశారు. అలాంటి లెక్కనే బడి పుస్తకంలో ఉన్నట్టు రాసిస్తే తడబడ్డారు. బడి పిల్లలదేమో సరిగ్గా దీనికి తిరగేసిన కథ. పుస్తకంలో లెక్క చేస్తారు, బజారు లెక్క దగ్గర ఆగిపోతారు!

ఇద్దరికీ కావాల్సింది రెండోవాళ్ల దగ్గరుంది. కాబట్టి కిరాణా కొట్టుకు వెళ్లేటప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి. ‘కొత్తిమీర ఎనిమిది, కరివేపాకు అయిదు... మొత్తమెంత? ఇరవై ఇస్తే ఎంత తిరిగివ్వాలి?’ ఫోన్‌తో స్కాన్ చేసి చెల్లించే కాలంలో పిల్లలకు చిల్లర నాణేలే కనిపించడంలేదు. వారానికోసారైనా చేతికి నాణేలివ్వండి.

ఎంత ఆడించినా, ఎంత ఓపికపట్టినా మూడో తరగతిలో కూడా అన్నీ ఒకటి నుంచే లెక్కపెడుతుంటే, ఏ అంకె పెద్దదో కూడా తేల్చుకోలేకపోతుంటే మాత్రం పిల్లల మనస్తత్వ నిపుణులను కలవాలి. అది డిస్‌కాల్‌క్యులియా కావచ్చు. అది తెలివి తక్కువై వచ్చేదీ కాదు, సోమరితనమూ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఇలాంటి అభ్యసన సమస్యలను గుర్తించింది. ఎంత త్వరగా తెలుసుకుంటే అంత మంచిది.

మళ్లీ ఏడున్నరకు మన డైనింగ్ టేబుల్ దగ్గరకు వద్దాం. ఫోన్ లోపల పెట్టేయండి. ‘‘ఎనిమిదీ అయిదూ ఎంత కన్నా?’’ అని అడగండి. వాడి చేతులు టేబుల్ కిందకు వెళతాయి. ‘‘పైన పెట్టుకుని చెయ్‌రా, పర్లేదు’’ అనండి. కాసేపాగండి. ‘‘ఎనిమిదికి రెండిచ్చా... పది. ఇంకా మూడుంది... పదమూడు!’’

ఈసారి వాడి కళ్లల్లో నీళ్లుండవు. మెరుపుంటుంది. ఇంకొన్నాళ్లకు చేతులు టేబుల్ మీదే ఉంటాయి... వేళ్లు మాత్రం కదలవు!